బంగారు చుక్కల రాయి, నా నల్ల పలక

మా చిన్నప్పుడు... మార్కాపురంలో మా వీధికి కరెంటు స్తంభాలు వచ్చిన రోజున మా వెంకమ్మత్త నడివీధిలో నిలబడి, "మొదటి బల్బు మా ఇంట్లోనే ఎలుగుతాది, చూస్తా ఉండండి" అని చాటింపు వేసేసింది. సామాను ఎట్లా కొనాలన్నది ఆవిడకు తర్వాతి సంగతి!

అత్త మా నాయనకు అక్క. మామ పోయాక మా ఇంటికే వచ్చి, నడిమింట్లో మిషను పెట్టుకుని రవికెలు కుట్టేది. ఆ గదికి కిటికీ లేదు... పట్టపగలే చీకటి. అత్తకు చూపు కూడా మందగించింది. పూటకు పదిసార్లు "అమ్మీ, దారం ఎక్కించు" అని నన్ను పిలిచేది. సూది నా చేతికిచ్చేటప్పుడు ఆమె మొహం చిన్నబోయేది. ఆ గదిలో బల్బు వెలగకపోతే ఇక కుట్టుపని మానేయాల్సిందే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

బజార్లో కొత్త స్విచ్చుల ధర విని నాయన వట్టి చేతులతో తిరిగొచ్చాడు. అత్త ఊరుకుంటుందా? నన్ను వెంటబెట్టుకుని రైలెక్కి దొనకొండ పోయింది. అక్కడొక పాత సామాను దుకాణంలో, బంగళాల నుంచి ఊడదీసిన ఇత్తడి మూతల స్విచ్చులు, పింగాణీ ఫ్యూజులు గంపల్లో పోసి ఉన్నాయి. అత్త ఒక్కో స్విచ్చునూ చెవి దగ్గర పెట్టుకుని టక్కుటక్కుమని వేసి చూసింది.

"ఇదేంది అన్నా, దగ్గినట్ల మోగుతాంది? దీన్ని నువ్వే ఉంచుకో."

"స్విచ్చు కొంటాండావా, పిల్లకు సంబంధం చూస్తాండావా తల్లీ?" అని దుకాణం ఆయన ఒకటే నవ్వు.

మొత్తానికి బేరమాడి రెండు స్విచ్చులు, ఒక ఫ్యూజు సగం ధరకే తెచ్చింది. తీగ మాత్రం కొత్తదే కొన్నది. "స్విచ్చు చెడితే స్విచ్చే పోతాది, తీగ చెడితే కొంప పోతాది" అనేది. ఎంత మాట! ఇవాళ్టికీ నేనదే పాటిస్తాను.

ఇక మిగిలింది స్విచ్చులు బిగించే బోర్డు. టేకు చెక్క కొనాలంటే మళ్ళీ ఖర్చు. "పలకల ఊళ్ళో పుట్టి చెక్క కొంటామా?" అన్నాడు నాయన. ఆయన పలకల కార్ఖానాలో రాయి చీల్చే పనివాడు. వైరింగు మేస్త్రీ కూడా "రాయిలో కరెంటు పారదులే, పెట్టుకోండి" అన్నాడు. ఇంకేం... నాయన వెతికి వెతికి బంగారు చుక్కలు మెరిసే రాయి తెచ్చి నున్నగా అరగదీస్తే, మేస్త్రీ దానికే స్విచ్చులు బిగించి గోడకు పెట్టాడు. వీధంతా వచ్చి ముక్కున వేలేసుకుంది. ఆ రెండు రోజులూ అత్త కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు.

మూడో రోజు కరెంటాఫీసు నుంచి పరీక్ష చేసే ఆయన వచ్చాడు. చేత్తో తిప్పే పెట్టె ఒకటి తీగలకు తగిలించి గిరగిరా తిప్పాడు. దాని ముల్లు టపీమని సున్నా మీదికి పడిపోయింది!

"ఎవరయ్యా ఈ రాయి పెట్టింది? ఈ మెరిసేదంతా లోహమే. కరెంటు దీంట్లోంచి గోడకు దిగుతుంది. ప్రాణాలు పోతాయి, నేను పాస్ చేయను" అన్నాడు.

"మళ్ళా ఎప్పుడొస్తారు సారూ?" అని అత్త ఆయనకు అడ్డం పోయి అడిగింది.

"మీ వీధి ఇవాళ్టితో సరి. మళ్ళీ ఎప్పుడో చెప్పలేను. సాయంత్రం దాకా ఆ చివరి ఇళ్ళు చూస్తుంటాను" అని వెళ్ళిపోయాడు.

నాయన గోడవారన కూలబడ్డాడు. "అందం చూసి మోసపోతినక్కా..." అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదలు. కార్ఖానాకు ఆ రోజు సెలవు, వేరే రాయి దొరికే దారి లేదు.

నాకు నా పలక గుర్తొచ్చింది. "రాసే పలకలో ఒక్క చార కూడా ఉండగూడదమ్మీ, ఉంటే బలపం గీరుకుంటాది" అని నాయన ఏరి ఏరి చేసిచ్చిన పెద్ద పలక. బడిలో అంతటి పలక ఎవరికీ లేదు, ఎవర్నీ ముట్టనిచ్చేదాన్ని కాదు. సంచిలోంచి తీసి, "దీంట్లో చుక్కల్లేవు గదా నాయనా?" అన్నాను. ఉన్నాయంటే బాగుండునని కూడా అనిపించింది, అబద్ధమెందుకు!

"వద్దురా, బిడ్డ పలక..." అన్నది అత్త. నాయన నన్నొకసారి చూసి, రంధ్రాలు పెట్టే బరమా అందుకున్నాడు. అది కర్రుమంటుంటే చెవులు మూసుకుని ఏడ్చాను.

స్విచ్చులు పలకకు బిగించాక, సాయంత్రం ఆ కరెంటాఫీసాయన వచ్చి పెట్టె మళ్ళీ తిప్పాడు. ఈసారి ముల్లు పడలేదు. పలక మీద చెరపకుండా మిగిలిన నా రెండో ఎక్కం చూసి, నవ్వి సంతకం పెట్టాడు.

పది రోజులకు బల్బు వెలిగింది. వీధిలో మాది మూడోది. అత్త మాత్రం పోయేదాకా మొదటిదనే చెప్పింది! ఆ వెలుగులో కూర్చుని సూది తీసింది. నేను అలవాటుగా చెయ్యి చాపాను. "ఉండమ్మీ" అంది. రెండుసార్లు తప్పింది... మూడోసారి దారం ఎక్కింది. సూది అట్లాగే పట్టుకుని, నన్ను ఒళ్ళోకి లాక్కుని బావురుమంది.

మొన్న ఆ ఇల్లు బాగు చేయిస్తుంటే, కరెంటు పనికొచ్చిన అబ్బాయి పాత బోర్డు ఊడదీసి "ఈ రాయేంది పెద్దమ్మా, పారేద్దామా?" అన్నాడు. ఇప్పుడు ఫోను నొక్కితే ఏ రంగు స్విచ్చయినా గుమ్మంలోకే వస్తోంది... చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్ళే లేరు. మీ ఇంట్లో మొదటి బల్బు ఎవరి కోసం వెలిగింది? గుర్తుంటే రాయండి, అన్నీ చదువుతాను.

పలక మాత్రం పారేయలేదు. శుభ్రంగా కడిగి మనవరాలికిచ్చాను. రంధ్రాలు తప్పించి రాసుకుంటోంది.