మాణిక్యం టీచరు, నీలం సుద్ద

భవానీపురంలోని మా బడికి ఆ ఏడు వానలతో పాటే కళ్ళకలక కూడా వచ్చింది. సోమవారం నలుగురు పిల్లలు ఎర్రకళ్ళతో ఇంటికి వెళ్ళారు. మంగళవారం ఆరుగురు, బుధవారం తొమ్మిది మంది. ఆ సాయంత్రం లెక్కల టీచరు మాణిక్యం గారు స్టాఫ్‌రూము బోర్డు మీద ఓ మూల ‘రేపు 14’ అని రాసి, చేతులు దులుపుకొని బస్సెక్కి వెళ్ళిపోయారు.

గురువారం సరిగ్గా పద్నాలుగు మంది.

“ఆవిడ నాలుక మీద మచ్చ ఉందేమో చూడండి” అని మొదట అన్నది నేనే. తెలుగు చెప్పేదాన్ని, నాకు అలాంటివే తోస్తాయి.

మాణిక్యం గారిది కంకిపాడు దగ్గర పల్లె. చిన్నప్పుడు వాళ్ళమ్మ వెంట నాట్లకు వెళ్ళి, గట్టు మీద నారు కట్టలు లెక్కపెడుతూ అంకెలు నేర్చుకున్నారు. ఉన్న నారు ఏ మడి దాకా వస్తుందో ముందే చెప్పేసి మేస్త్రీ చేత తిట్లు తినేవారట. ఇరవై రెండేళ్ళ సర్వీసులోనూ ఆ అలవాటు పోలేదు.

ఆవిడ శుక్రవారానికి 21 అని రాస్తుంటే హెడ్‌మిస్ట్రెస్ సంపూర్ణమ్మ గారు వచ్చారు.

“ఓ పద్దెనిమిది వెయ్యకూడదా మాణిక్యం గారూ? మీరు రాస్తే వచ్చేస్తుంది!”

“నేనేం పిలవట్లేదండీ. ఏ రోజుకారోజు ఒకటిన్నర రెట్లవుతుంది. ఒక్కొక్కళ్ళ నుంచి ఒకరి కన్నా ఎక్కువమందికి పాకుతుందన్నమాట. ఒకరి కన్నా తగ్గిస్తే దానంతటదే చల్లారిపోద్ది.”

“తగ్గించాలనేగా రోజూ గేటు దగ్గర నిలబడి అందరి కళ్ళూ చూస్తున్నాను!”

నిజమే. మంగళవారం నుంచి ఆవిడ పిల్లల్ని వరసలో నిలబెట్టి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూసి, ఎర్రకళ్ళ వాళ్ళను వెనక్కి పంపుతున్నారు. కళ్ళజోడు మాత్రం మెడలోనే వేలాడేది.

శుక్రవారం ఇరవై మందే. “ఒకటి తగ్గింది!” అని సంపూర్ణమ్మ గారు స్వీట్లు తెప్పించబోయారు. మాణిక్యం గారు రిజిస్టర్లు ముందేసుకొని కూర్చున్నారు.

“భానుశ్రీ గారూ, వింత చూడండి. పక్క పక్క బెంచీల్లో వరసగా రావాలి కదా, రాలేదు. ఆలస్యంగా వచ్చి వెనక గోడ దూకే పదిహేను మందిలో ఒక్కళ్ళకీ లేదు. గోడ దూకితే కళ్ళు బాగుంటాయా?”

“ఉంటాయేమో. గాలి ఆడుద్దిగా” అన్నాను నేను.

ఆవిడ నవ్వలేదు. గేటు దగ్గర ఎవరి వెనక ఎవరు నిలబడ్డారో పిల్లల్ని అడిగి రాసుకున్నారు. ఎర్రకన్ను బయటపడిన ప్రతి పిల్ల వెనకా ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకటి రెండు రోజుల్లో కళ్ళు ఎర్రబడ్డాయి. సంపూర్ణమ్మ గారి బొటనవేలే మోసుకెళ్ళింది! కానీ ఆ మాట ఆవిడతో ఎవరు చెప్తారు?

శనివారం పొద్దున మాణిక్యం గారు పిల్లలందరి కంటే ముందు వరసలో నిలబడ్డారు. కంటి కింద చెంప మీద నీలం సుద్దపొడి దట్టంగా పూసుకున్నారు.

“కన్ను మంటగా ఉందండీ, కాస్త చూడండి.”

సంపూర్ణమ్మ గారు రెప్ప లాగి, “ఏం లేదు, వెళ్ళండి” అన్నారు. తర్వాత పిల్లల్ని చూశారు. మధ్యలో ముక్కు కూడా తుడుచుకున్నారు.

ప్రార్థన మొదలయ్యేసరికి పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకొని పడీ పడీ నవ్వుతున్నారు. నలభై చెంపల మీద నీలం వేలిముద్రలు. ముందున్నవి ముదురుగా, పోను పోను లేతగా. సంపూర్ణమ్మ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

“ఎవరి పనిది?”

“మీదేనండీ” అన్నారు మాణిక్యం గారు ఎంతో వినయంగా. “సుద్ద మాత్రం నాది.”

సంపూర్ణమ్మ గారు తన బొటనవేలి వంక చూసుకున్నారు. ఆ తర్వాత కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు, ముక్కు కడుక్కొని వచ్చారు.

సోమవారం నుంచి ఎవరి రెప్ప వాళ్ళే లాగి చూపించాలి. కుళాయి దగ్గర సబ్బు వెలిసింది. ఆ రోజు పన్నెండు మంది, మర్నాడు ఏడుగురు, ఆపై ముగ్గురు.

తర్వాతి నెల హెడ్‌మాస్టర్ల మీటింగుకు మమ్మల్నీ తీసుకెళ్ళి, సంపూర్ణమ్మ గారు ఈ సంగతంతా చెప్పారు. ఆవిడ చెప్పినదాంట్లో వేలు మాణిక్యం గారిది, సుద్ద తనది. నేను మోచేత్తో పొడిచాను.

“ఊరుకోండి” అన్నారు మాణిక్యం గారు, జనాన్ని లెక్కపెడుతూ. “పదహారు బళ్ళ వాళ్ళు వింటున్నారు. ఒక్కొక్కళ్ళు ఇద్దరికి చెప్పినా చాలు, దానంతటదే పాకిపోద్ది.”