నేను ఇవ్వని గోలీ

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న బడిలో నేనొక్కదాన్నే టీచర్ని. ఆ గుంతల దారిలో పదేళ్లు స్కూటీ నడిపాక నడుములో డిస్క్ జారి నరాన్ని నొక్కింది. కుర్చీలోంచి లేస్తే ఎడమ మడమ దాకా నిప్పు పాకినట్టుండేది. డాక్టరు నరాల నొప్పికి గోలీలు రాశారు. ఆరేళ్లుగా వేసుకుంటున్నాను.

మొదట్లో తల తిరిగేది. పాఠం మధ్యలో తెలిసిన మాటే గుర్తొచ్చేది కాదు. స్కూటీ మానేసి, ఆటో దిగి చివరి కిలోమీటరు నడిచేదాన్ని. గోలీల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒకసారి మా ఆడపడుచు చూసి, "ఇన్నేండ్ల సంది మింగుతున్నవా? అలవాటు పడ్డవ్ వదినా" అంది. రోషమొచ్చి ఒక్కసారిగా మానేశాను. మూడో రోజుకి చెమటలు, వణుకు. నిద్ర లేదు. నొప్పి ఇంకా పెరిగింది.

డాక్టరు కోప్పడ్డారు. "గిట్ల మీ అంతట మీరే ఆపొద్దమ్మా. తగ్గించాల్నంటే మెల్లమెల్లగ నేను తగ్గిస్త. ఒళ్లు మందుకు అలవాటైతే మీరు తప్పు చేసినట్టు కాదు."

నాలుగు నెలల్లో మోతాదు సగానికొచ్చింది. ఇంకా తగ్గిస్తే బోర్డు ముందు నిలబడలేకపోయాను. అక్కడే ఆగాం. ఆ తర్వాత దాచడం మానేశాను.

ఒక మధ్యాహ్నం బడిలో వంట చేసే అక్క నేను గోలీ వేసుకోవడం చూసింది.

"ఏంది టీచరమ్మా అది?"

"నడుము నొప్పికి అక్కా. నరం నొక్కుకపోయింది."

"నాకూ గట్లనే. కాలుకు కరెంటు కొట్టినట్టయితది. చెప్తే పనిలకెల్లి తీసేస్తరని ఊకున్న. నాకొకటియ్యి."

చెయ్యి చాపింది. ఏళ్ల తరబడి నా బడి పిల్లలకు అన్నం వండిన చెయ్యి. ఇచ్చేద్దామనే అనిపించింది.

"ఇది నాకు రాసింది అక్కా. నీకు పడుతదో లేదో తెల్వదు. దవాఖానాకు పోదాం పా."

ముఖం తిప్పుకుంది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. శనివారం బడి వదిలాక తనే వచ్చి, "పోదాం" అంది.

రక్తపరీక్షలో ఆమె కిడ్నీలు బలహీనంగా ఉన్నాయని తేలింది. నా మోతాదు ఆమె వేసుకుని ఉంటే ప్రమాదమయ్యేదని డాక్టరు చెప్పి, చాలా చిన్న మోతాదు రాశారు. బరువులు ఎత్తొద్దన్నారు. బయటికొచ్చాక మందులిచ్చే నర్సు "ఎవరితో వచ్చినవ్?" అని ఆమెను అడిగింది.

"మా టీచరమ్మతోటి. గోలీ అడిగితే ఇయ్యలే. చెయ్యి పట్టుకొని తోల్కొచ్చింది."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను గురించి నేను విన్న మంచి మాటల్లో అంతకంటే గొప్పది లేదు.

ఇప్పుడు పెద్ద గిన్నె దించడానికి పిల్లల తల్లులు ఇద్దరు వంతులు వేసుకుని వస్తారు. ఆమె కాలికి కరెంటు కొట్టడం పూర్తిగా పోలేదు, తగ్గింది. మూడు నెలలకోసారి ఇద్దరం ఒకే ఆటోలో డాక్టరు దగ్గరికి వెళ్తాం. దారి పొడవునా ఆమె తన గోలీ పేరు అందరికీ వినబడేలా చెబుతుంది, ప్రతిసారీ తప్పుగానే.