రథసప్తమి దాకా గడువు

తిత్లీ తుఫాను వెళ్లిన మరుసటి వేసవిలో నన్ను పలాస నుంచి టెక్కలికి, మేజిస్ట్రేటు కోర్టు బెంచి క్లర్కుగా బదిలీ చేశారు. నా ఉద్యోగంలో అదే ఆఖరి మజిలీ. మా నాన్నగారు పౌరోహిత్యం చేసుకుంటూ నాకు ఇంట్లోనే చదువు చెప్పారు. బడి మొహం చూడకుండా, ప్రైవేటుగా పరీక్షలు కట్టి సర్కారు కొలువులో చేరినదాన్ని. అన్నం పెట్టిన దేవుడికి దీపం పెట్టుకుని గానీ బస్సెక్కేదాన్ని కాదు.

బెంచి క్లర్కు అంటే న్యాయాధికారి వేదిక కింద కూర్చుని, కేసులు పిలిపించి, కాగితాలు అందించి, ఆ పూట జరిగినది రాసి వాయిదా వేసే మనిషి. తీర్పు మా నోట రాదు. కానీ జనం ముందుగా వచ్చి అడిగేది మాత్రం మమ్మల్నే.

అక్కడ మనోవర్తి కేసులు చాలా ఉండేవి. వాటిలో పిల్లల భాగానికి ఒక హద్దుంది. మేజిస్ట్రేటు ఇప్పించే మనోవర్తి మామూలుగా పిల్లలకు పద్దెనిమిది నిండేవరకే. పెళ్లికాని ఆడపిల్ల ఆ తర్వాత కూడా అడగొచ్చు గానీ, దానికి వేరే చట్టం, వేరే దావా. అందుకే ఆ వయసు నిండే నెల దగ్గర పడుతుంటే, తండ్రులు పదో తరగతి సర్టిఫికెట్టు జిరాక్సు పట్టుకుని ముందే దిగిపోతారు. ఒక్క వాయిదా ఎక్కువ కట్టినా నష్టమని వాళ్ల లెక్క. ఏళ్ల తరబడి చూసి చూసి నాకది వింతగా అనిపించడం మానేసింది.

అక్కుపల్లి నుంచి వచ్చే దానయ్య కేసు కూడా అలాంటిదే అనుకున్నాను. (పేర్లన్నీ మార్చాను.) అతను సముద్రం మీద వేటకు పోయే మనిషి. భార్య పార్వతి పలాసలో జీడిపప్పు పనికి వెళ్తూ విడిగా ఉండేది. వాళ్లకు ఒక్కతే కూతురు, హేమ. పాప చిన్నప్పుడే ఆర్డరు అయింది. ప్రతి నెలా అతను కోర్టుకు వచ్చి, మా ఎదుట డబ్బు చెల్లించాలి. పార్వతికి చదువు రాదు కనుక రసీదు చదివి పెట్టడానికి కూతుర్ని తోడు తెచ్చుకునేది.

ఈ రోజుల్లో ఇంత తిరుగుడెందుకు, బ్యాంకు ఖాతాలో వేసెయ్యమని న్యాయాధికారి ఒకటికి రెండుసార్లు చెప్పారు. దానయ్య చేతులు జోడించేవాడు తప్ప ఒప్పుకునేవాడు కాదు. పార్వతికి ఒళ్లు మండేది. "సూసినారా అమ్మా ఈడి పంతం! నా కూలి పోవాల, నెల నెలా నన్నిలా బస్సుల్లో తిప్పాల. కూతురి మీద పేమ ఉన్నోడైతే ఒక్క పూటైనా మా గుమ్మం తొక్కీవోడు కాడేటి?" అనేది నా బల్ల దగ్గర నిలబడి. నాకూ ఆమె మాటే సబబనిపించేది.

అతను వరండాకు ఆ చివర కూర్చునేవాడు. తల్లీకూతుళ్లు ఈ చివర. మాటలుండేవి కావు. కండువాలో ఏదో మూట కట్టి తెచ్చేవాడు, పనస తొనలో, కొబ్బరి లౌజో. పార్వతి ఆర్డరులో ఉన్నది తప్ప ఇంకేమీ ముట్టేది కాదు. పోయేముందు అది మా అటెండరు చేతిలో పెట్టి వెళ్లేవాడు. పిలుపు అయ్యేదాకా అతని కళ్లు మాత్రం ఈ చివరనే ఉండేవి.

దసరా సెలవులయ్యాక వచ్చిన వాయిదాకి హేమకు సర్టిఫికెట్టు ప్రకారం పద్దెనిమిది నిండాయి. ఆ ఉదయం కోర్టు మొదలుకాక ముందే దానయ్య నా బల్ల దగ్గరికొచ్చాడు. అనుకున్నట్టే ఆ కాగితం పట్టుకునే వచ్చాడు. అయితే అతని గోల వేరు.

"అమ్మా, ఈ తేదీ తప్పు. నా గుంట రథసప్తమి నాడు పుట్టింది. ఆ పొద్దు మా యమ్మ అరసవల్లి ఎల్దామని మూట కట్టుకుని కూడా ఆగిపోనాది. బళ్లో ఏసుకోడానికి మాస్టారు నెలలు కలిపి రాసీసినాడు. రథసప్తమి దాకా నాకాడ డబ్బులు తీసుకోమని దొరగారికి సెప్పండమ్మా."

అటెండరు పగలబడి నవ్వాడు. "ఏటి మావా, గాలేటైనా సోకిందేటి? అందరూ ఆపమని ఏడుత్తారు, నువ్వు ఇంకా తీసుకోమంటన్నావు!"

పుట్టినతేదీకి స్కూలు సర్టిఫికెట్టు ఉండగా నోటిమాట నిలవదని చెప్పాను. అయినా బిడ్డకు ఇవ్వడానికి ఆర్డరు ఎందుకు, నేరుగా ఇవ్వొచ్చు కదా అన్నాను.

"డబ్బులు సంగతి కాదమ్మా. కేసు ఆగిపోతే మరి గుంటని ఎక్కడ సూడాల?"

"ఇంటికెళ్లి చూడు. కాలేజీకి వెళ్లి చూడు. ఎవరొద్దన్నారు?"

"కేసులో ఉన్నోళ్లు బయట కలవకూడదు కదమ్మా? ఏదైనా కోర్టులోనే, బయట ఆళ్ల జోలికెల్తే లోపలేసేత్తారని ఆర్డరైన రోజే మా ఊరి పెద్ద సెప్పీసినాడు."

నేను కేసు కట్ట విప్పి మొదటి నుంచీ చూశాను. కొన్ని కేసుల్లో అలా దూరం ఉండమనే ఉత్తర్వులు విడిగా ఉంటాయి. ఇందులో లేదు. ఒక్క వాక్యం కూడా లేదు. పిల్ల లంగా జాకెట్టు నుంచి చుడీదారు దాకా ఎదగడం అతను ఆ వరండాలోనే, నెలకోసారి, దూరం నుంచి చూశాడు. బ్యాంకు వద్దన్నది అందుకే.

కేసు పిలిచినప్పుడు సంగతి న్యాయాధికారికి మనవి చేశాను. ఆయన కాగితం కింద పెట్టి, తండ్రీకూతుళ్లు కలవకూడదని ఈ కోర్టు ఏనాడూ చెప్పలేదని అందరికీ వినబడేలా తెలుగులో చెప్పారు. ఈ మనోవర్తి నేటితో సరి అనీ, పై చదువుకు కావాలంటే హేమ తనంతట తాను సివిలు కోర్టులో అడగొచ్చనీ, న్యాయ సేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుందనీ వివరించారు.

పార్వతి ఆఖరి రసీదు మీద వేలిముద్ర వేసి, బొటనవేలు తుడుచుకోవడం మరిచిపోయి నిలబడింది. "నానూ అలాగే అనుకున్నానమ్మా. బయట కలిత్తే కేసు పాడైపోతాదని. మరి ఈడు రాలేదని ఇన్నాళ్లూ ఎందుకు తిట్టీనానో!" అంది. ఆ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

వరండాలో దానయ్య మొదటిసారి ఈ చివరికి నడిచి వచ్చాడు. కూతురికి రెండు బారల దూరంలో ఆగాడు. "టీ కొట్టుకాడికి ఎల్దామా? ఏటి తింతావు?" అన్నాడు.

"ఏదైనా," అంది హేమ.

అతను దిక్కుతోచక పార్వతి వైపు తిరిగాడు. "దీనికేటి ఇట్టం?"

"నానెందుకు సెప్తాను? దానికి నోరు నేదేటి? అడుగు."

తండ్రీకూతుళ్లు గేటు దాటి వెళ్లారు. ఇద్దరి మధ్య ఇంకో మనిషి నడవగలిగినంత జాగా ఉంది. పార్వతి మెట్ల మీద కూర్చుంది. ఆ పూటకి కలిపినందుకు స్వామికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. కానీ ఆ పిల్ల చిన్నతనం అప్పటికే గడిచిపోయింది. దాన్ని తిరిగి ఇప్పించే దావా ఏ కోర్టులోనూ లేదు.

ఆర్డరు అంటే అందులో రాసినది అని ఉద్యోగమంతా నమ్మాను. కేసులో ఉన్నవాళ్లకు అందులో రాయనిది కూడా ఆర్డరేనని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, మనోవర్తి ఆర్డరు కాపీ ఎవరి చేతికిచ్చినా ముందు రాసినది చదివి వినిపించాను. ఆ తర్వాత ఒక్క మాట కలిపాను: పిల్లల్ని చూడకూడదని ఇందులో ఎక్కడా లేదు.