ఛాతీలో తెల్లనీళ్లు

తొంభైల్లో తిరుపతిలో ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. టీబీ క్రిమిని వెతకడంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు మహా పొగరు. గాజుపలక మీద చుక్క వేయడం, ఆరబెట్టడం, రంగు పోయడం, చూడటం. ఎర్రగా కనిపిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

నగరి నుంచి నేతపని చేసే పెద్దాయన ఒకడు వచ్చేవాడు. ఛాతీలో నీరు చేరి ఆయాసం. సూదితో తీస్తే తెల్లగా, పాలలా వచ్చేది. చీము పాతబడితే ఒక్కోసారి అలాగే ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండుసార్లు రంగు పోసి చూసి, క్రిమి లేదని రాసి, మిగిలింది పారబోశాను. క్రిమి కనబడకపోయినా ఛాతీలో నీరంటే టీబీయేనని మాత్రలు మొదలుపెట్టారు. ఐదు నెలలు మింగినా నీరు చేరుతూనే ఉంది.

టీబీ అంటుకుంటుందన్న భయంతో ఇంట్లో ఆయన మంచం మగ్గాల వెనక వసారాలోకి మారింది. కాన్పుకి వచ్చిన కూతురు ఆడపిల్లను కన్నది. మనవరాలికి నాలుగో నెల వచ్చినా ఆయన ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. పిల్ల ఏడిస్తే వసారాలోంచే జోల పాడతాడట. ఇదంతా ఆయన భార్య ల్యాబు బయట బెంచీ మీద కూర్చుని చెప్పింది. వినడానికి బాధగానే ఉండేది కానీ, నా పని నేను సరిగ్గా చేశానుగా అనుకునేదాన్ని.

మూడోసారి నీరు తీసిన రోజు పొద్దున్నుంచీ కరెంటు లేదు. నమూనాను గిర్రున తిప్పే యంత్రం తిరగదు, మైక్రోస్కోపు దీపం వెలగదు. నగరి బస్సు వేళవుతోందని వాళ్లు బయట కూర్చున్నారు. నాకు చిరాకెత్తి, మూలనున్న పాత అద్దం మైక్రోస్కోపును కిటికీ దగ్గరికి లాగి, ఆరబెట్టకుండానే ఒక చుక్క వేసి, ఎండను అద్దంలోకి పట్టాను. ఊరికే, ఏదో ఒకటి చేసినట్టుంటుందని.

చుక్కలో ఏదో కదిలింది. నా చెయ్యి తగిలి కదిలిందేమోనని బల్ల మీద నుంచి చేతులు తీసేశాను. అయినా కదులుతోంది. దారప్పోగుల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతూ, చుట్టూ ఉన్న కణాలను తోసుకుంటూ పోతున్నాయి. అమ్మో అనుకున్నాను. అవి బోదకాలు పురుగు పిల్లలు. రక్తంలో చాలాసార్లు చూశాను, ఛాతీ నీటిలో చూస్తానని కలలో కూడా అనుకోలేదు.

డాక్టరు వచ్చి చాలాసేపు చూశారు. ఒంట్లో తిన్న కొవ్వును మోసే తెల్లటి ద్రవం పారే సన్నటి నాళాలుంటాయి, ఛాతీలో వాటికి ఈ పురుగులు అడ్డుపడితే ఆ ద్రవం కారి ఇలా చేరుతుందన్నారు. కాలు వాయకుండా కూడా ఈ జబ్బు ఉండొచ్చట. టీబీ మాత్రలు ఆపించి, పురుగుకు మందూ, నూనె లేని తిండీ రాశారు.

వెనకటి రెండుసార్లూ అవి బతికే ఉండుంటాయి. నేనే ఆరబెట్టి చంపి, లేని క్రిమి కోసం వెతుక్కుంటూ వాటిని దాటిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది. దాచుకోలేక పెద్దాయనను లోపలికి పిలిచి, చుక్కను చూపించి, తప్పు నాదేనని చెప్పేశాను.

ఆయన కన్ను ఆనించి చూశాడు. "నా ఊపిరి తగిలితే బిడ్డకు ఇది రాదు గదమ్మా?" అని మాత్రం అడిగాడు. రాదు, ఇది దోమలు మోసుకొచ్చేదన్నాను.

"నేను సెప్తే ఇంట్లో నమ్మరు. కాయితం మీద రాసియ్యి."

అలాంటివి రాసే అధికారం నాకు లేదు. అయినా రిపోర్టులో పురుగు పేరు కింద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో రాశాను: ఊపిరితో అంటదు, బిడ్డను ఎత్తుకోవచ్చు. ఆ మాట కొట్టేస్తారేమోనని భయపడుతూనే సంతకానికి తీసుకెళ్లాను. డాక్టరు చదివి, నా వైపు చూసి, దాని కింద 'ఈ రోజు నుంచే' అని చేర్చి సంతకం పెట్టారు.