సర్వర్‌లో బావ నడక

మా ఇంట్లో సర్వర్ ఉందంటే ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. ఫొటో చూపించాక అసలే నమ్మలేదు. ఏదో కంపెనీ మూసేసినప్పుడు అమ్మేసిన పాత కంప్యూటర్ అది. మానిటర్ లేదు, కీబోర్డు లేదు. నాంపల్లిలో మేం కిరాయికుండే రెండు గదుల ఇంట్లో బీరువా పక్కన స్టూలు మీద ఉంటుంది. పాటలు, సినిమాలు, ఫొటోలు అన్నీ దాని కడుపులోనే. ఏది అడిగితే అది టీవీకి పంపాలి, అదీ దాని ఉద్యోగం. మా ఆవిడ దానికి పూలగుడ్డతో కవరు కుట్టింది. ఫ్రిజ్జుకూ, మిక్సీకీ, రిమోటుకూ కవర్లున్న ఇంట్లో దీన్నొక్కదాన్ని అలా వదిలేయడం ఆమెకు నచ్చలేదు.

నేను గుమాస్తాని. ఏ ఫైలు ఏ బల్ల దగ్గర ఆగిందో కనుక్కోవడమే ఇన్నేళ్లుగా నా పని. కంప్యూటర్ సంగతులు వీడియోలు చూసి నేర్చుకున్నాను. కాబట్టి నాకు అన్నీ తెలుసు, సగం వరకు.

మా అక్క సుల్తాన్ బజార్‌లో ఉంటుంది. మా బావ అక్కడే ఒక బట్టల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేసి, చేస్తూనే పోయాడు. ఏడాది కావస్తోంది. అప్పటినుంచి అక్క ప్రతి ఆదివారం మా ఇంటికి వస్తోంది. ఒక ఆదివారం చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఎవరినో అడుగుతున్నట్టు కాకుండా, మామూలుగా చెప్పింది.

"ముఖం యాదికున్నది తమ్మీ. గొంతు గూడ యాదికున్నది. నడకనే పోతున్నది. ఏ ఫొటో జూసినా నిలవడే ఉన్నడు."

నేను లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. బావ నడిచింది ఒక్క చోటే దొరుకుతుంది. వాళ్ల పెళ్లి క్యాసెట్‌లో. దాన్ని ఆడించే వీసీఆర్ ఎప్పుడో పాత సామాన్లవాడి బండెక్కింది. క్యాసెట్ మాత్రం అక్క బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది.

అబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక సందులో పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే ఆయన ఉన్నాడు. ఫోర్‌కేలో, అంటే కొత్త టీవీల స్పష్టతతో, చేసివ్వాలా అని అడిగాడు. పాత క్యాసెట్‌కు ఫోర్‌కే చేయించడమంటే మసిగుడ్డకు ఇస్త్రీ చేయించడమే. తెలిసి కూడా సరే అన్నాను. బావ కదా, తక్కువ చేయడం ఎందుకని. అలా ఆ క్యాసెట్‌లోని చుక్కలూ గీతలూ అన్నీ ఫోర్‌కేలోకి వచ్చేశాయి.

ఆ ఫైలు మా పాత టీవీకి అరగదు. దానికి అరిగేలా సర్వర్ అప్పటికప్పుడు మార్చి పంపాలి. ఈ మార్చడం రెండు రకాలు. ప్రాసెసర్ ఒక్కటే ముక్కుతూ మూలుగుతూ చేయడం ఒకటి. బొమ్మల పని కోసమే లోపల వేరే భాగం ఉంటుంది, అది అవలీలగా చేసేయడం రెండోది. ఆ రెండోదాన్ని హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్ అంటారు. మా దాంట్లో ఆ భాగం ఉంది. పని మాత్రం పక్కవాడు చేస్తున్నాడు. సర్కారు ఆఫీసులో పనిచేసేవాడికి ఇది వింతగా అనిపించదు.

మొదటి ఆదివారం అక్క ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. వీడియో పెట్టాను. బ్యాండు మోగింది. గొడుగు పట్టుకుని బావ గేటు దగ్గరినుంచి మండపం వైపు బయల్దేరాడు. కాలు లేపాడు. ఆగాడు. తెర మధ్యలో గుండ్రం తిరిగింది. మళ్లీ చూస్తే మూడు గజాలు ముందున్నాడు. మధ్యలో ఎలా వెళ్లాడో దేవుడికే తెలియాలి. పది నిమిషాలు అలాగే చూసి అక్క లేచింది.

"అయితది తియ్యి. వచ్చే ఐతారం జూద్దం," అని వంటింట్లోకి వెళ్లింది.

నాకు ఒళ్లు మండింది. అక్క మీద కాదు, స్టూలు మీది దాని మీద. ముందు పూల కవరును అనుమానించి, వేడెక్కి చస్తోందని తీసి పక్కన పడేశాను. తేడా ఏమీ లేదు. మా ఆవిడ కవరు ఉతికి, ఆరేసి, మళ్లీ తొడిగింది. ఒక తిట్టు తిట్టి ఉన్నా బాగుండేది.

తర్వాత తెలిసిన సంగతి నాకు భలే నచ్చింది. బొమ్మల భాగాన్ని ఎవరు పడితే వాళ్లు వాడుకోవడానికి లేదట. అనుమతి ఉన్నవాళ్ల జాబితా ఒకటుంటుంది, అందులో పేరుండాలి. ఇంతకాలానికి మనకు తెలిసిన భాష మాట్లాడిందిరా ఈ యంత్రం అనుకున్నాను. పేరు ఎక్కించి, ఆపి మళ్లీ స్టార్ట్ చేశాను. ఫలితం లేదు. మూడు రోజులు తల పట్టుకున్నాక జాబితా తెరిచి చూస్తే, నేనెక్కించింది నా పేరు. వీడియోలు పంపే ప్రోగ్రామ్‌కు వేరే పేరుంది, ఎక్కించాల్సింది దాన్ని. జాబితా కనబడగానే మన పేరు ముందు రాసుకోవడం మా శాఖలో అలవాటు.

అదీ సరిచేశాను. రెండో ఆదివారం కూడా బావ గెంతుతూనే వచ్చాడు. ఈసారి అక్క ఐదు నిమిషాలే చూసింది. కొడుకు లాంటి తమ్ముడు బాధపడతాడని కాబోలు, బొమ్మ పోయినసారి కంటే నయమే అంది. నయమేమీ కాదు.

అప్పుడే మా ఆవిడ అడిగింది, ఆ ఫైలునే ఒక్కసారి మార్చి, మార్చినదాన్ని దాచిపెట్టుకుంటే అయిపోదా అని. అయిపోతుంది. ఒక పూట పని. ఎంత ముక్కుతూ చేసినా సాయంత్రానికి తయారై ఉండేది. కానీ నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. మరి సర్వర్ ఎందుకున్నట్టు అని ఎదురు ప్రశ్న వేశాను. నా పంతానికి అక్క ఇంకో వారం ఎదురుచూసింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి ఫైలు ఆగిన బల్ల దొరికింది. మా కంప్యూటర్ లేవగానే మానిటర్ ఉందా అని చూసుకుంటుంది. లేకపోతే, చూసేవాళ్లే లేనప్పుడు బొమ్మల భాగానికి పనేముందని దాన్ని పడుకోబెట్టేస్తుంది. ఇంత నిజాయితీని నేను మనుషుల్లో కూడా చూడలేదు.

మూడో ఆదివారం పొద్దున అబిడ్స్‌కు నడిచాను. ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు, వాటి మీదికి వంగిన వీపులు. తప్పుకుంటూ సందులోకి వెళ్లి, పాత కంప్యూటర్ సామాన్ల దుకాణంలో నా గోడు చెప్పుకున్నాను. అక్కడి ముసలాయన మధ్యలోనే ఆపి, బొటనవేలంత ప్లగ్గు ఒకటి చేతిలో పెట్టాడు.

"గిది వెనుక గుచ్చు. టీవీ ఉన్నదనుకుంటది. ఉన్నదా లేదా అని లేచొచ్చి జూడదు గద," అన్నాడు.

గుచ్చాను. స్టార్ట్ చేశాను. ప్రాసెసర్ మీద భారం తగ్గిపోయింది. హార్డ్‌వేర్ అన్న మాట ఫోను తెర మీద మొదటిసారి కనిపించింది. అక్కను పిలిచాను. చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

బ్యాండు మోగింది. గుండ్రం తిరగలేదు. బావ గొడుగు పట్టుకుని బయల్దేరాడు. కుడికాలు వేశాడు, ఆగాడు, ఎడమకాలు గబుక్కున లాగాడు. మళ్లీ ఆగాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఫోనులో సర్వర్ లెక్కలు చూశాను, పంపిన బొమ్మల్లో ఒక్కటి కూడా జారిపోలేదు. బ్యాండువాళ్లు సాఫీగా నడుస్తున్నారు. పిల్లలు సాఫీగా పరిగెత్తుతున్నారు. బావ ఒక్కడే ఆగి ఆగి వస్తున్నాడు. పెళ్లికొడుకును మాత్రమే పాడుచేసే సెట్టింగు ఎక్కడా లేదు. అయినా ఆపి మళ్లీ స్టార్ట్ చేద్దామని లేచాను.

"కూసో," అంది అక్క. "మిషన్ మంచిగనే ఉన్నది. మీ బావకు చెప్పులు కరుస్తున్నయ్."

ఆ చెప్పులు తెచ్చింది నేను. పెళ్లికొడుకు కాశీకి పోతానని బయల్దేరితే బామ్మర్ది గొడుగూ చెప్పులూ ఇచ్చి, బతిమాలి వెనక్కి తీసుకురావాలి. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. కాలి కొలత అడిగి వస్తానంటే ఇంట్లో పెద్దలు అడ్డం పడ్డారు. పెళ్లికొడుకును ఏదైనా అడిగితే ఎక్కడ అలుగుతాడో అని వాళ్ల భయం. అందుకని నా కాలికి తొడిగి చూసి అబిడ్స్‌లో కొన్నాను. నా పాదం చిన్నది.

"మడిమె మీద పచ్చి పుండు. పెండ్లయిన మర్నాడు నాకు జూపిచ్చిండు," అంది అక్క తెర మీంచి చూపు తిప్పకుండా. "తమ్మునికి జెప్పకు, మనసు నొచ్చుకుంటడు అన్నడు. చెప్పలే."

ఇన్నేళ్లలో బావ నాతో వాదించని విషయం లేదు. రాజకీయాలు, పప్పులో ఉప్పు, నేను కట్టుకునే వాచీ. చెప్పుల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకు ముందు ఆయన మీద కోపం వచ్చింది. ఒక్క మాట అంటే మార్చుకొచ్చేవాణ్ని కదా. తర్వాత అసలు సంగతి తట్టింది. అక్కకు మిగిలిన ఒకే ఒక్క నడకను పాడుచేసింది సర్వర్ కాదు, నేను.

అక్క చూస్తూనే ఉంది. తలంబ్రాలయ్యాక ఏడడుగులప్పుడు కెమెరా ముఖాల మీదే ఉంది. భోజనాల హాలు గుమ్మం దగ్గర బావ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. విస్తళ్ల వరసల మధ్య, పంచె అంచు ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని, కొద్దిగా ముందుకు వంగి, ఎవరో పిలిస్తే పోతున్నట్టు చరచరా నడిచాడు. దుకాణంలో గిరాకీ వైపు వెళ్లే నడక. మొత్తం కలిపి పది పన్నెండు అడుగులు.

"గిదే," అంది అక్క.

వెనక్కి తిప్పాను. మళ్లీ తిప్పాను. ఎన్నిసార్లు తిప్పినా సర్వర్ ఎక్కడా ఆగలేదు. అక్క కళ్లు తుడుచుకోలేదు, నవ్వలేదు, చెయ్యి మాత్రం నా భుజం మీద వేసి ఉంచింది. చాలాసేపటికి, ఇక ముందుకు పోనియ్యి అంది.

భోజనాలయ్యాయి. బావ గుమ్మం దగ్గరికి వచ్చాడు. అక్కడ పద్దెనిమిదేళ్ల నేను కింద కూర్చుని, ఆ చెప్పులను నా జేబురుమాలుతో తుడుస్తున్నాను. తుడిచి, ఆయన తొడుక్కోవడానికి వీలుగా తిప్పి పెట్టాను. బావ చెప్పుల వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఒక్కో కాలూ లోపలికి దూర్చాడు. నేను తలెత్తి ఏదో అడుగుతున్నాను. బ్యాండు మోతలో ఏమీ వినబడదు, కానీ నేనేం అడిగి ఉంటానో నాకు తెలుసు. బావ నవ్వి, సరిపోయాయని తలూపాడు.