సబ్బు బానలో పిస్టన్లు

కారు నడుస్తూనే ఉంది. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత మా ఆయన ఎవరికి చెప్పినా "ఇంజను చెడింది, విప్పక తప్పలేదు" అనే చెప్పాడు. చెడలేదు. పొగ వదిలేది, గట్టు ఎక్కేటప్పుడు మూలిగేది, పొద్దున్నే హ్యాండిల్ వేసి తిప్పితే కాస్త అలిగి లేచేది. అంతే. అలాంటి కారును, నాకు నెలలు నిండుతుండగా, ముక్కకు ముక్క విప్పి మా వసారాలో పరిచాడాయన.

అరవైల మొదట్లో సంగతి. విడవలూరుకు తూర్పున, గాలి ఇటు తిరిగితే సముద్రం హోరు వినపడే ఊరు మాది. నేను మిషన్ బడిలో పంతులమ్మను. ఆయన నెల్లూరులో లారీ షెడ్డులో పని నేర్చుకుని, కొన్నాళ్లు లారీ తోలి, చివరికి ఎవరో వదిలించుకున్న ముసలి కారు ఒకటి కొని బాడుగకు తిప్పేవాడు. పెళ్లివాళ్లు, చేపల బేరగాళ్లు, కోర్టు పనులున్నవాళ్లు అందులో కిక్కిరిసి కోవూరు మీదుగా నెల్లూరు పోయేవాళ్లు. చుట్టుపక్కల కారంటే అదొక్కటే.

బాడుగ కోసమే కొన్నాడని ఊరంతా అనుకుంది. కాదు. మా మొదటి కాన్పు ఎద్దులబండిలో అయింది. మంత్రసాని చేతులెత్తేశాక నన్ను బండిలో పడుకోబెట్టి నెల్లూరికి తీసుకుపోతుంటే, కోవూరు ఇంకా రాకముందే, కాలవగట్టు మీద తాటిచెట్ల వరస దగ్గర బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు. మా అత్త తలకిందులుగా పట్టుకుని వీపు మీద తట్టింది, అరికాళ్ల మీద చరిచింది. ఏడవలేదు. ఆయన బండి పక్కన నడుస్తున్నవాడు నడుస్తూనే పోయాడు. బండి ఆగిందని తెలియనట్టు కొంతదూరం పోయి, అక్కడ మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆయన అసలే ఎత్తలేదు. కారు కొన్నాక మాత్రం ఆ తాటిచెట్ల దగ్గరకు వచ్చేసరికి ఆక్సిలరేటరు అదిమి తొక్కేవాడు. వెనక ముసలివాళ్లున్నా, రోడ్డు గుంతలుగా ఉన్నా సరే. ఆయన దూకుడు మీద నాకు కోపం వచ్చి కసురుకునేదాన్ని.

మళ్లీ కడుపు పండినప్పుడు నెల్లూరి ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి, ఎముక ఇరుకుగా ఉందనీ, నొప్పులు మొదలవగానే తన దగ్గరికి చేర్చాలనీ, ఆలస్యమైతే తను హామీ ఇవ్వలేననీ గట్టిగా చెప్పింది.

"కారుండాదమ్మా," అన్నాడాయన. ఆవిడతో ఆయన మాట్లాడింది ఆ ఒక్క మాటే.

నెలలు గడిచేకొద్దీ ఆయన చెవులకు ఏదో అయింది. భోజనం చేస్తూ చేస్తూ లేచిపోయి కారు స్టార్టు చేసి వినేవాడు. నిలబడి వినేవాడు, వంగి వినేవాడు. "అదేంది ఆ చప్పుడు? నీకినపడిందా?" అని నన్ను పిలిచేవాడు. నాకు కారు చప్పుడు తప్ప మరేమీ వినపడేది కాదు. ఆయన నిలకడ లేనితనం నాకూ అంటుకుంది. పాఠం చెబుతూ మధ్యలో ఆపేసి బయట కారు వచ్చిందా లేదా అని చూసేదాన్ని. పడుకుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది.

ఒకరోజు బడినుంచి వచ్చేసరికి బోనెట్ ఎత్తి ఉంది.

"పొగొస్తా ఉండాది. లోపలంతా మసి పట్టుంటాది," అన్నాడు. "నిన్నెక్కించుకోని పోయేటప్పుడు నడిమధ్యలో ఆగిపోతే?"

"ఇన్నాళ్లలో ఆగిందా?"

"ఆగలా. ఆగితే?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నాను. నడిచే బండిని విప్పడమెందుకు, మళ్లీ బిగించడమెందుకు అన్నాను. నెల్లూరు షెడ్డులో ఇస్తే వాళ్లు తమ తీరికను బట్టి చేస్తారు, ఇంట్లో అయితే చకచకా అయిపోతుంది అని ఆయన లెక్క. నాకు తల్లి లేదు, ఉంటే బోగోలుకు పోయి మా పుట్టింట్లో కూర్చునేదాన్ని. ఆ కోపం కూడా ఆయన మీదే చూపించాను.

ఇంజను మొద్దు కారులోనే ఉండిపోయింది. మిగతాదంతా వసారాలోకి వచ్చింది. ఈతచాపలు పరిచి వాటిమీద వాల్వులు, స్ప్రింగులు, రాడ్లు, గొట్టాలు, పిస్టన్లు విప్పిన వరసలోనే పెట్టాడు. వాటిని దాటుకుంటూ నేను వంటింట్లోకి పోవాలి. నా కాళ్లు నాకు కనపడని రోజులవి. పొట్ట పట్టుకుని గోడ వెంబడి నడిచేదాన్ని. అన్నంలో కిరసనాయిలు వాసన, తలగడలో కిరసనాయిలు వాసన. కొబ్బరి పీచుతో తోమాడు, గరుకు కాగితంతో రుద్దాడు, ఇత్తడి గొట్టాలను చింతపండు పెట్టి తళతళలాడించాడు. వాల్వులను వాటి గూళ్లలో పెట్టి, కర్ర పుల్లను రెండు అరచేతుల మధ్య మజ్జిగ చిలికినట్టు తిప్పుతూ గంటలకు గంటలు నూరాడు.

మా ఊళ్లో బావి నీళ్లు ఉప్పు, గాలి ఉప్పు. ఇవాళ మెరిసిన ఇనుము రేపు పొద్దునకల్లా ఎర్రబారేది. ఆయన లేచీ లేవగానే నిన్న తుడిచిందే మళ్లీ తుడిచి, ఆముదం రాసి, గుడ్డ కప్పేవాడు. పని ముందుకు పోకుండా అక్కడక్కడే తిరుగుతున్నట్టుండేది. ఒక మూతకు వెండి రంగు వేశాడు. నచ్చలేదని గీకి మళ్లీ వేశాడు.

"బోనెట్ కింద చీకట్లో ఉండేదానికి రంగెందుకు? ఎవరు చూస్తారు?" అన్నాను.

"నేను చూస్తా."

ఇల్లు అలకగానే పండగ కాదు అన్నాను. నా సామెతలు ఆయనకు ఎప్పుడూ పట్టలేదు.

ఆయన అవస్థ చూడలేక మా అత్త ఒక ఉపాయం చెప్పింది. చిన్నప్పుడు మిషన్ కాంపౌండులో దొరసాని దగ్గర ఆమె సబ్బు వండడం నేర్చుకుంది. ఇంట్లో ఎప్పుడూ సబ్బుసోడా డబ్బా, పెద్ద ఇనపబాన ఉండేవి. "అట్టా చేతులు అరగదీసుకునే బదులు సోడా నీళ్లలో ఉడకెయ్యరా అబ్బయా. జిడ్డనేది ఎక్కడుంటాది?" అంది. దొడ్లో పొయ్యి పెట్టి ఇనప సామాన్లు ఉడకేశారు. నిజంగానే ఏళ్లనాటి జిడ్డు తెట్టెలు తెట్టెలుగా ఊడి పైకి తేలింది. వాల్వులు, రాడ్లు తెల్లగా బయటకు వచ్చాయి. తల్లీకొడుకులిద్దరూ పిండివంట కుదిరినంత సంబరపడ్డారు. ఆరోజు నేను కూడా నవ్వానేమో, గుర్తు లేదు.

ఇక మిగిలింది పిస్టన్లు. వాటి నెత్తిన మసి రాయిలా అంటుకుని ఉంది. గీకితే గీతలు పడతాయి, లోహం మెత్తనిదని ఆయన వెదురుబద్దతో మాత్రమే తడుముతూ వచ్చాడు. శనివారం సాయంత్రం అవి కూడా బానలో పడ్డాయి. కాసేపుంచి తీసేద్దామనుకున్నాడు.

ఇంతలో మా అత్త దీపం పెట్టి ప్రార్థనకు పిలిచింది. శనివారం దీపం పెట్టి మోకరిస్తే మా ఇంట్లో ఆదివారం మొదలైనట్టే. ఆదివారం కూరలు కూడా ముందురోజే తరిగి పెట్టేది ఆమె. సోమవారం కోడి కూసేదాకా పనిముట్టు పట్టకూడదు. ఆయన ఇదివరకు ఈ నియమాలను అంతగా పట్టించుకున్నవాడు కాదు, ఆదివారం బాడుగ వస్తే మిషన్ గుడి వెనక సందులోంచి కారు తీసుకుపోయేవాడు. కానీ నాకు నెల తప్పినప్పటినుంచి ఒక్క ఆదివారం కూడా స్టీరింగు ముట్టలేదు. ఎందుకని అడగలేదు నేను. అడగకుండానే తెలుసు.

ఆదివారం పొద్దున గుడికి బయలుదేరుతుంటే దొడ్లో బాన గుసగుసలాడుతోంది. పొయ్యి ఎప్పుడో చల్లారిపోయింది. బూడిద రంగు నురగ అంచుదాకా పొంగి ఉంది.

"అత్తా, అదేందట్టా పొంగుతా ఉండాది?"

"సోడా అంతేలే అమ్మాయ్. తనకు తానే కాగుతాది. సబ్బు వండేటప్పుడు చూళ్లా?"

గుడిలో నాకు ప్రసంగం ఎక్కలేదు. బిడ్డ లోపల తన్నుతోంది, చెవుల్లో ఆ నురగ చప్పుడు. ఇంటికి వచ్చాక ఆయనతో చెప్పాను. ఆయన బాన దగ్గరకు పోయి, చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డాడు. పక్కనే పట్టుకారు ఉంది. దాని వంక చూశాడు, నా పొట్ట వంక చూశాడు.

"దేవుని దినాన నూనె చేతులా?" అని మా అత్త వచ్చి బాన మీద చెక్క మూత వేసి, మూత మీద రాయి పెట్టింది.

"అమ్మ చెప్పిందిగా. రేప్పొద్దున తీస్తాలే," అన్నాడు. ఆయన గొంతులో భయం వినపడింది. దేవుడితో ఏదో ఒప్పందం చేసుకున్నవాడు, చివరి వారాల్లో దాన్ని తప్పడానికి ధైర్యం చేయలేకపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది, జాలి కూడా వేసింది. ఆ రెండూ ఒకేసారి వస్తే మనిషి ఎక్కడా కూర్చోలేదు. సాయంత్రందాకా దొడ్లోకి వసారాలోకి తిరుగుతూనే ఉన్నాను.

సోమవారం కోడి కూయగానే మూత తీశాడు. పట్టుకారుతో పైకి తీసిన మొదటి పిస్టన్‌కు అంచు లేదు. గోడలు చెద తిన్న చెక్కలా గుల్లబడి ఉన్నాయి. రెండోది తీస్తుంటే ముక్క విరిగి బానలో పడింది. తక్కినవీ అంతే. మసి మాత్రం శుభ్రంగా పోయింది.

మా అత్త ఆ ముక్కను నీళ్లలో కడిగి వేలితో రుద్ది చూసింది.

"ఇది సత్తు గదరా. సత్తని నాకు చెప్పొద్దా? సత్తుగిన్నెలో సోడా పోస్తే గిన్నె మిగలదని ఏ ఆడదాన్నడిగినా చెప్తాదే. అందుకే గదా సబ్బుకు ఇనపబాన పెట్టుకునేది."

"సత్తని, అల్యూమినియమని నాకు తెలుసు. సోడా సత్తును తింటాదని నాకెట్టా తెలుస్తాది? లారీ పిస్టన్లన్నీ ఇనపవే," అన్నాడు.

"నల్లగా బొగ్గులాగుంటే అది సత్తని నాకెట్టా తెలుస్తాది?"

ఒకరికి తెలిసింది వంటింట్లో ఉండిపోయింది, ఇంకొకరికి తెలిసింది వసారాలో ఉండిపోయింది. నడుమ నేను పొట్ట పట్టుకుని గోడ వెంబడి నడుస్తూ ఉన్నాను. ఆయన మద్రాసు పోయి పాత సామాన్ల బజారులో వెతుకుతాననీ, దొరికితే వారంలో బిగించేస్తాననీ, ఏదేదో అంటున్నాడు. నా మాటకోసం చూస్తున్నాడని తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమెందుకు అనబోయాను. ఆ ముఖం చూసి మానుకున్నాను.

నిలబడినచోటే నాకొకటి తోచింది. నొప్పులొస్తే కారు కావాలి. నొప్పులు రాకముందే పోతే బస్సు చాలు.

"నేను పొద్దుటి బస్సుకు నెల్లూరు పోతా ఉండా," అన్నాను. "ఆసుపత్రి వసారాలో కూర్చుంటా. వచ్చినప్పుడు వస్తాయి నొప్పులు."

నొప్పుల్లేకుండా ఆసుపత్రి గడప తొక్కడం కీడును పిలుచుకోవడమే అంది మా అత్త. ఊళ్లో నవ్వుతారంది. నవ్వనీయండి అన్నాను. చివరికి సణుక్కుంటూనే తన బైబిలు, ఒక సత్తుగిన్నె, బియ్యం మూట కట్టుకుని నాకంటే ముందు రోడ్డెక్కింది. బస్సు తాటిచెట్ల వరస దాటేటప్పుడు ఇద్దరం చెరోవైపు చూశాం.

ఆసుపత్రి వెనక రోగుల తాలూకువాళ్లు వంట చేసుకునే రేకుల పాకలో కొన్నాళ్లున్నాం. అక్కడా నేను నిలకడగా కూర్చోలేదు. వేపచెట్టుకు గేటుకు మధ్య తిరుగుతుంటే నర్సులు నవ్వేవాళ్లు. ఒక మధ్యాహ్నం ఆ గేటు దగ్గరే నొప్పులు మొదలయ్యాయి. డాక్టరమ్మ చాలా కష్టపడింది, ఒక దశలో ఆవిడ ముఖం చూసి నేను ఆశ వదులుకున్నాను. చివరికి పరికరం వేసి లాగారు. ఆడపిల్ల. గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు బయట కూర్చున్న మా అత్తకు కూడా వినపడిందట.

మరునాడు ఆయన బస్సులో వచ్చాడు. గోళ్లలో నలుపు, చొక్కా నిండా కిరసనాయిలు వాసన. బిడ్డను ముట్టుకోలేదు, చేతులు వెనక్కు కట్టుకుని బానను చూసినట్టే చూశాడు. పిస్టన్లు దొరికాయని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

మమ్మల్ని ఇంటికి పంపే రోజుకు కారు గేటు ముందు నిలబడి ఉంది. పొగ లేదు. మూలుగు లేదు. బోనెట్ ఎత్తి చూపిస్తాడనుకున్నాను, చూపించలేదు, నేనూ అడగలేదు. పెన్నా దాటాం, కోవూరు దాటాం. బిడ్డ నా ఒళ్లో నిద్రపోతోంది. తాటిచెట్లు దూరంగా కనపడగానే నేను అలవాటుగా బిడ్డను గట్టిగా పట్టుకున్నాను, ఇప్పుడు తొక్కుతాడని.

తొక్కలేదు. మెల్లగా, మెల్లగా పోనిచ్చి, ఆ వరస దగ్గర కారు ఆపాడు. ఇంజను కూడా ఆపేశాడు. వెనక్కి తిరగలేదు. నా పక్కన మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కుదుపు ఆగేసరికి బిడ్డ లేచి ఏడుపు మొదలుపెట్టింది. ఆకలేమోనని నేను గబగబా పైట సర్దుకుంటున్నాను.

"ఉండు మే," అన్నాడాయన. "కాసేపు ఏడవనీ. ఇక్కడ ఏడవనీ."