బాప్తిస్మపు బొంత మీద ఊదా గీతలు

ఆ రోజుల్లో నేను అసూయ పడుతున్నానని ఎవరైనా అంటే ఒప్పుకునేదాన్ని కాదు, లెక్క చూస్తున్నానని చెప్పేదాన్ని. పంతొమ్మిదేళ్ళ పిల్లను. బొగ్గుబాయి కాలనీలో మాకు రెండు గదుల క్వార్టరు, నాకు నలభై పేజీల నోటుబుక్కు ఉండేవి. నేను కుట్టిన ప్రతి బొంత కొలత, మొదలుపెట్టిన రోజు, ముగించిన రోజు అందులో రాసుకునేదాన్ని. వెనక పేజీలన్నీ మాత్రం ఒక్క మనిషి గురించే. ఆమె మా వదినెకు అక్క, సుల్తానాబాద్‌లో ఉండేది కాబట్టి మాకందరికీ సుల్తానాబాద్ వదినె. ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె కుట్టును ఎవరు ఎన్నిసార్లు మెచ్చుకున్నారో ఆ పేజీల్లో ఉంటుంది. ఒక్క దసరా సెలవుల్లోనే పదకొండుసార్లు. (అందులో మూడు నన్ను కన్న మా అవ్వవే. అవి నేను ఇప్పటికీ మరిచిపోలేదు.)

ఆమె గొప్పంతా ఒక్కటే, గీత గీయకుండా కుడుతుందని పేరు. బొంత మీద కుట్టు వంకర పోకుండా ఉండాలంటే ముందు గుడ్డ మీద గీత గీసుకోవాలి, కుట్టడం అయ్యాక ఆ గీత కనబడకుండా పోవాలి. నా గీతలు ఉండవలసినప్పుడు ఉండేవి కావు, పోవలసినప్పుడు పోయేవి కావు. ఆమె బొంతను కిటికీ దగ్గర పెట్టి, తిరగేసి, మూల మూలా వెతికినా గీత జాడ దొరికేది కాదు. "చేతికే కండ్లున్నయి పిల్లా, గీత ఎందుకు?" అని నవ్వేది. ఆ నవ్వు వింటే నాకు కడుపు మండిపోయేది.

ఆ ఏడే మా అన్నకు బిడ్డ పుట్టింది. డిసెంబరులో చర్చిలో బాప్తిస్మం అనుకున్నారు. పిల్లను చుట్టి పాస్టరయ్యగారి చేతికిచ్చే బొంత నేనే కుడతానన్నాను. సుల్తానాబాద్ వదినె అప్పటికే మొదలుపెట్టిందట. "మేనత్తను నేనుండంగ ఆమె బొంతెందుకు?" అని అన్న మీద లేచాను. "పెద్దమ్మకు లేదా హక్కు?" అంది మా వదినె. మధ్యలో చిక్కిన అన్న, "ఇద్దరు కుట్టుండ్రి. ఏది మంచిగుంటె దాంట్ల చుట్టుదురు. అమ్మగారు చూసి చెప్తది, నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి," అని అయ్యగారి భార్య మీదికి తోసేసి బాయికి పోయాడు.

ఇక నా పరీక్షలు మొదలయ్యాయి. బాపు పాత తెల్ల ధోతి ముక్క మీద ఒక్కొక్కటే గీసి చూశాను. సుద్దముక్క రెండు వరుసలు కుట్టేలోపే రాలిపోయింది. బొగ్గు (మా కాలనీలో దానికేం కొదువ!) గుడ్డ కన్నా నా అరచేతికే ఎక్కువ అంటింది. పసుపు రాసిన దారం లాగి కొడితే చక్కటి గీత పడింది గానీ, సబ్బు తగలగానే ఎర్రగా మారి కూర్చుంది. చివరికి బాపు అంగీ జేబులో పెన్సిల్ కనబడింది. బాపు బాయి మీద హాజరు రాసే మున్షీ. ఆ పెన్సిల్‌తో గీస్తే సన్నటి బూడిదరంగు గీత. చేత్తో రుద్దితే చెదరలేదు, ఇస్త్రీపెట్టెకు మారలేదు, రబ్బరు పెడితే మాయమైంది. నోటుబుక్కులో "ఉత్తమం" అని రాసి కింద రెండు గీతలు కొట్టాను. బాపును అడగలేదు. (అడిగి ఉంటే ఇప్పుడు రాయడానికి ఏమీ ఉండేది కాదు.)

ముప్పై అంగుళాల చదరం, అంగుళానికో వరుస. అడ్డం ఇరవై తొమ్మిది, నిలువు ఇరవై తొమ్మిది, మొత్తం యాభై ఎనిమిది వరుసలు. శనివారం సాయంత్రానికి ముగించి, రబ్బరుతో గీతలన్నీ తుడిచి, ఇస్త్రీ చేశాను. ఆదివారం పొద్దున అమ్మగారు రెండు బొంతలూ వెలుగుకు ఎత్తిపట్టి చూసింది. సుల్తానాబాద్ వదినె నా పక్కనే నిలబడి ఉంది. అమ్మగారు నా బొంత మీద వేలు నడిపిస్తూ, "ఎంత సాపుగున్నది! గీత గీసినట్టే ఉన్నది," అంది. నేను నేల మీద నడవలేదు ఆ రోజు.

అయ్యగారు నా బొంతలో చుట్టిన పిల్లను ఎత్తుకుని మొదటిసారి నీళ్ళు పోశారు. నీళ్ళు పిల్ల చెవి పక్కనుంచి జారి బొంత మీద పడ్డాయి. పడ్డచోట ఒక ఊదా గీత లేచింది. రెండోసారికి నాలుగు గీతలు. మూడోసారికి పిల్ల చెంప, అయ్యగారి వేళ్ళు, ఆయన తెల్లంగీ చెయ్యి, అన్నీ పండిన నేరేడు రంగు. వెనక బెంచీ నుంచి ఒక ముసలమ్మ, "పిల్లకేమాయె అయ్యగారూ?" అని గట్టిగానే అడిగింది. అయ్యగారు చెయ్యి చూసుకుని, "ఏం కాలే అమ్మా, క్రిస్మస్ ముందు ఆదివారాలకు చర్చిల గిదే రంగు గద," అని ప్రార్థన ముగించారు. పక్క వరసలో బాపు మాత్రం తన జేబు తడుముకుంటున్నాడు. బయటికి వచ్చాక మెల్లగా అన్నాడు, "బిడ్డా, హాజరు ఎవలు దిద్దకుండ, చెరపకుండ ఉండాల్నని ఇస్తరు గా పెన్సిల్. రబ్బరుకు పైపైనే పోతది, రంగు లోపల్నే ఉంటది. నీళ్ళు తగిల్తె ఇగ జన్మల పోదు." అన్ని పరీక్షలూ చేసిన నేను, నీళ్ళు పోసే పండుగకు కుడుతూ, నీళ్ళ పరీక్ష ఒక్కటే చేయలేదు.

పిల్లను ఎవరి బొంతలో చుట్టి ఇంటికి తెచ్చారో చెప్పక్కర్లేదు. నేను నల్లా దగ్గర కూర్చుని నా బొంత రుద్దుతున్నాను. రుద్దినకొద్దీ ఊదా ఇంకా విప్పారుతోంది. సుల్తానాబాద్ వదినె వచ్చి పక్కన కూర్చుని, రుమాలు ముడి విప్పి, ఆకంత పలచగా అరిగిన స్నానం సబ్బు ముక్క నా చేతిలో పెట్టింది.

"దీంతోనే గీస్త. ఉతికితె గీత గూడ సబ్బుతోనే పోతది."

"మరి గీతల్లేకుండ కుడుతనన్నవ్ గద వదినే?"

"ఒకసారి ఎవరో అట్ల మెచ్చుకున్నరు. గప్పటిసంది కాదనబుద్ధి కాలే." నా బొంత అంచు పిండుతూ, "అమ్మగారు నీ బొంత ఎత్తి పట్టినప్పుడు నాకు జర మండింది పిల్లా," అంది.

ఆ మాటను ఆ రోజే రాసుకున్నాను. వెనక పేజీల్లో కాదు, ముందు పేజీలో, నా పేరు కింద.

సుల్తానాబాద్ వదినె ఇప్పుడు లేదు. మొన్న నా మేనకోడలు (ఆ ఊదా చెంప పిల్లే, ఇప్పుడు నిర్మల్‌లో టీచరు) ఇస్త్రీ పెడితే గీత మాయమయ్యే కొత్త పెన్ను తెచ్చింది. నేను ఇస్త్రీ చేశాను, నీళ్ళలో ముంచాను, తర్వాత ఫ్రిజ్‌లో ఐస్ పెట్టే అరలో ఒక పూట ఉంచాను. గీత మళ్ళీ ప్రత్యక్షం! ఆదిలాబాద్ చలికాలంలో ఆ బొంత ఎవరికిస్తాం? "పనికిరాదు" అని నోటుబుక్కులో రాశాను.

"మరి నువ్వు దేంతో గీస్తవ్ అత్తా? నీ బొంతల మీద ఒక్క గీత కనబడది," అంది మేనకోడలు.

నా రుమాలు ముడిలో పలచటి సబ్బు ముక్క ఉంది. చేత్తో దాన్ని గట్టిగా మూసిపెట్టి, "చేతికే కండ్లున్నయి బిడ్డా, గీత ఎందుకు?" అన్నాను.